ఆకాశవాణిలో కొత్త పాట: స్టూడియో నుంచి సోలాపూర్ నేతపేటల దాకా

గాయకులు, స్వరకర్తలు తమ కొత్త పాటలను రేడియోలో వినిపించడం, వాటి గురించి మాట్లాడడం, శ్రోతలకు నేర్పడం తెలుగులో ఎనభై ఏళ్లు దాటిన సంప్రదాయం. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి కార్యక్రమం సాధారణంగా బజారులోకి వచ్చిన ఆల్బమ్ చుట్టూ తిరుగుతుంది. తెలుగులో మాత్రం సినిమాకు బయట పుట్టిన కొత్త పాటల్లో చాలావాటికి డిస్కూ లేదు, అట్టా లేదు, వెలా లేదు. కవి చేత రేడియో రాయించింది, తన స్టూడియోలో బాణీ కట్టించింది, తన మైకు ముందే మొదటిసారి పాడించింది. ఈ పాటలకు లలిత సంగీతం అని పేరు. మద్రాసు, విజయవాడ, హైదరాబాదు కేంద్రాలు వీటికి ప్రధాన నిలయాలు. శ్రోతలు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లోనే కాక సరిహద్దు దాటిన తెలుగు బస్తీల్లోనూ ఉండేవారు. మహారాష్ట్రలోని సోలాపూర్ నేతపేటలు అలాంటి బస్తీల్లో పెద్దవి.

సోలాపూర్ తెలుగు పేటలు

సోలాపూర్ మరాఠీ, కన్నడ, తెలుగు, ఉర్దూ భాషలు కలిసి వినిపించే నగరం. 2011 జనగణన ప్రకారం నగర జనాభా 9,51,558. 1860లో రైలు వచ్చింది. 1877లో ఇప్పుడు పాత మిల్లుగా పిలిచే నూలు, నేత మిల్లు మొదలైంది. తరువాత నర్సింగ్‌గిర్జీ, లక్ష్మీ, విష్ణు మిల్లులు వచ్చాయి. నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి పద్మశాలీలు బతుకుదెరువు వెతుక్కుంటూ 19వ శతాబ్దంలోనే ఇక్కడికి చేరసాగారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఇంటిపేర్లు నేటికీ సోలాపూర్ తూర్పు భాగపు దుకాణాల బోర్డుల మీద కనిపిస్తాయి. సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట, అశోక్ చౌక్, కన్నా చౌక్ పరిసరాలు తెలుగు నేతగాళ్ల ఆవాసాలు.

ఇక్కడి దుప్పటి సోలాపూర్ చద్దరుగా దేశమంతా పేరు తెచ్చుకుని భౌగోళిక గుర్తింపు పొందింది. చేమగ్గం నుంచి మరమగ్గానికి మారిన ఇళ్లలో మగవాళ్లు చద్దర్లు, తువ్వాళ్లు నేస్తే, ఆడవాళ్లలో చాలామంది బీడీలు చుట్టారు. ఇంట్లో మాట తెలంగాణ తెలుగు, వీధిలో మరాఠీ. నగరపాలక సంస్థ మరాఠీతో పాటు తెలుగు, కన్నడ, ఉర్దూ బడులు కూడా నడిపింది.

రేడియో రాకముందే ఈ పేటలకు సొంత పాట ఉంది. పద్మశాలీల కులగాథ అయిన మార్కండేయ పురాణాన్ని, భావనాఋషి కథను కూనపులివాళ్లు పటం విప్పి పాడి చెప్పేవారు. ఇది తెలంగాణ నుంచి వచ్చిన వారసత్వం. శ్రావణ పౌర్ణమి నాడు సోలాపూర్‌లో జరిగే మార్కండేయ రథోత్సవం, ఆ రోజు జంధ్యం మార్చుకునే నూలు పౌర్ణమి ఆచారం, ఆశ్వయుజంలో బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ల పాటలు, శనివారం భజనలు ఈ సంగీత నేపథ్యంలో భాగం. చుట్టుపక్కల మరాఠీ భక్తిగీతమైన అభంగం, వీరగాథలు పాడే షాహిరీ ఉండనే ఉన్నాయి. ప్రసిద్ధ షాహిర్ అమర్ షేక్ ఈ జిల్లాలోని బార్షీలోనే పుట్టారు.

తొలి ప్రసారాలు

తెలుగు పాటకు రేడియో ముందుగా మద్రాసులో దొరికింది. 1924లో సి.వి. కృష్ణస్వామి శెట్టి చొరవతో మొదలైన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు డబ్బు చాలక 1927లో మూతపడింది. 1930 నుంచి మద్రాసు నగరపాలక సంస్థ ప్రసారాలు నడిపింది. 1938 జూన్ 16న, తరువాత ఆకాశవాణిగా పేరుపడిన ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమై తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలు వేసింది. హైదరాబాదులో ఒక ప్రైవేటు కేంద్రంగా మొదలైన రేడియోను నిజాం ప్రభుత్వం 1935లో తన చేతిలోకి తీసుకుంది. దక్కన్ రేడియోగా పేరుపడిన ఈ కేంద్రంలో ఉర్దూది పెద్దపీట, తెలుగు, మరాఠీ, కన్నడాలకు కొంత కొంత సమయం. ఇది 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కడప, విశాఖపట్నం కేంద్రాలు 1963లో వచ్చాయి.

టేపు రికార్డర్లు లేని ఆ తొలిరోజుల్లో పాట ప్రత్యక్షంగా పాడవలసిందే. గాయని దగ్గితే ఆ దగ్గు కూడా ఊరంతా వినేది. బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో మద్రాసు కేంద్రంలో చేరారు. కవి, స్వరకర్త, గాయకుడు, నిర్వాహకుడు అన్నీ తానే అయిన ఆయన కొత్త పాటను రేడియో వృత్తిలో భాగం చేశారు. స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు కేంద్రం వినిపించిన 'మాదీ స్వతంత్ర దేశం' ఆయన రచన, ఆయన బాణీ. పాడినది టంగుటూరి సూర్యకుమారి. అంతకు ముందు ఆ పాట ఏ సినిమాలోనూ లేదు.

వింజమూరి అనసూయ, సీత జానపద గీతాలను మద్రాసు కేంద్రం నుంచి వినిపించి, పొలం గట్ల పాటకు కచేరీ గౌరవం తెచ్చారు. సీతాదేవి తరువాతి కాలంలో హైదరాబాదు కేంద్రంలో జానపద సంగీత విభాగం చూశారు. తెలుగులో తొలి లలిత సంగీత గాయనిగా పేరున్న రావు బాలసరస్వతీదేవి కూడా మద్రాసు రేడియో వినిపించిన గొంతే.

సినిమా పాట వెళ్లింది, లలిత గీతం వచ్చింది

1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. 1962 దాకా ఆ పదవిలో ఉన్నారు. సినిమా పాట వల్ల అభిరుచి చెడుతుందని ఆయన గట్టి నమ్మకం. సినిమా పాటల సమయం తగ్గించారు. పాటతో పాటు సినిమా పేరు చెబితే అది ప్రకటన అవుతుందని ఆ పేరునూ ఆపించారు. నిర్మాతలు ప్రసార హక్కులు వెనక్కి తీసుకున్నారు. శ్రోతలు సూదిని సిలోన్ వైపు తిప్పారు. 1952 చివర్లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ మొదలుపెట్టిన బినాకా గీతమాలా పేరు దేశమంతా మోగింది. సిలోన్ నుంచే మీనాక్షి పొన్నుదొరై తెలుగు సినిమా పాటలు వేస్తూ తెలుగువారి ఇళ్లలో చుట్టమంత దగ్గరయ్యారు.

ఈ పోటీకి ఆలిండియా రేడియో రెండు సమాధానాలు చెప్పింది. మొదటిది, కేంద్రాల్లో లలిత సంగీత విభాగాలు నెలకొల్పడం. సినిమా పాట అంత తేలికగా నోట పట్టాలి, సాహిత్యంలో బరువుండాలి, శాస్త్రీయ సంగీతం నీడ ఉండాలి అన్నది లక్ష్యం. రెండవది, 1957 అక్టోబరులో మొదలైన వివిధ భారతి. సినిమా పాట మళ్లీ రేడియోకు వచ్చింది గాని, అప్పటికే లలిత సంగీత విభాగాలు వేళ్లూనుకున్నాయి. ఒక మంత్రి మొండిపట్టు నుంచి మొదలైన ఏర్పాటు తెలుగులో ఒక పాటల ప్రక్రియనే నిలబెట్టింది.

పాట తయారయ్యే తీరు

రేడియో పాటకు మూడు చేతులు కావాలి. కవి రాస్తాడు, స్వరకర్త బాణీ కడతాడు, గాయకుడు పాడతాడు. వాద్య సహకారం చాలావరకు కేంద్రంలోనే ఉద్యోగులుగా ఉన్న నిలయ విద్వాంసులది. వీణ, వయొలిన్, వేణువు, మృదంగం, తబలా, సితార్, తరువాత గిటార్. బయటి గాయకులు ఆడిషన్ నెగ్గాలి. పేరు చెప్పకుండా, ముఖం చూడకుండా గొంతు మాత్రమే విని మార్కులు వేయడం పద్ధతి. నెగ్గినవారికి బి, బి-హై, ఎ, టాప్ అనే శ్రేణులు. శ్రేణిని బట్టి పారితోషికం, అవకాశాల సంఖ్య.

మైకులు కొన్నే, ట్రాకు ఒక్కటే. వాద్యం ఎక్కువ వినిపించాలంటే మనిషిని ముందుకు జరపాలి, తగ్గించాలంటే వెనక్కి పంపాలి. బాగా మోగే తబలా ఒక మూల, సన్నని వీణ మైకు పక్కన. ఎర్ర దీపం వెలిగాక కుర్చీ కిర్రుమన్నా మళ్లీ మొదటి నుంచి పాడవలసిందే. తరువాత అతికే సదుపాయం తక్కువ కాబట్టి రిహార్సలు ఎక్కువ. నాలుగైదు నిమిషాల పాటకు గంటల సాధన పట్టేది.

ప్రసారంలో వినిపించే మాట కొద్దే. అనౌన్సర్ రచన ఎవరిదో, సంగీతం ఎవరిదో, పాడింది ఎవరో చెప్పి తప్పుకునేవారు. మూడు పాటలు, మూడుసార్లు పేర్లు. అయినా ఈ పొదుపైన ప్రకటనలో ఒక న్యాయం ఉంది. సినిమా పాటలో హీరో తెర మీద కనిపిస్తే కవి పేరు మరుగున పడుతుంది. రేడియో ప్రతిసారీ కవి పేరే ముందు చెప్పింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి, దాశరథి వంటి కవుల పేర్లు చదువురాని శ్రోతలకు కూడా తెలిశాయంటే అందులో ఈ ప్రకటనల పాలు ఉంది. కృష్ణశాస్త్రి 1950లలో హైదరాబాదు కేంద్రంలో పనిచేస్తూ పాటలు, యక్షగానాలు, సంగీత రూపకాలు రాశారు.

ఈ పాట నేర్చుకుందాం

పాట తయారు చేసినవాళ్లు శ్రోతతో నేరుగా మాట్లాడే చోటు ఒకటి ఉంది. అది 'ఈ పాట నేర్చుకుందాం'. హైదరాబాదు కేంద్రంలో ఈ కార్యక్రమంతో గుర్తుండిపోయిన పేర్లు పాలగుమ్మి విశ్వనాథం, మహాభాష్యం చిత్తరంజన్.

నడిచే తీరు ఇది. ముందు పాట మొత్తం ఒకసారి వినిపిస్తారు. తరువాత స్వరకర్త సాహిత్యం చెబుతారు, శ్రోత పెన్సిలుతో రాసుకోగలిగినంత నిదానంగా. పదం విడదీసి, ఒత్తు దగ్గర ఆగి, అవసరమైతే మళ్లీ చెప్పి. ఆ తరువాత పల్లవిలో ఒక పాదం తాను పాడతారు, స్టూడియోలో కూర్చున్న ఇద్దరు ముగ్గురు శిష్యులు తిరిగి పాడతారు. ఫలానా చోట గమకం ఎక్కువైంది, ఫలానా మాట దగ్గర ఊపిరి తీసుకోవద్దు అని దిద్దుతారు. ఆ దిద్దుబాటు ఇంట్లో రేడియో ముందు కూర్చున్న పిల్లకూ పనికొస్తుంది. చరణాలు తరువాతి వారాల్లో. నేర్చుకోవడం పూర్తయ్యేసరికి శ్రోత నోటుపుస్తకంలో ఒక పాట, గొంతులో దాని బాణీ మిగులుతాయి.

కొత్త పాట గురించి స్వరకర్త చెప్పగల విషయాలన్నీ, ఈ రాగం ఎందుకు, ఈ మాట మీద నిలపడం ఎందుకు, ఈ కార్యక్రమంలో పాఠం రూపంలో వచ్చేవి. పాట వెనక కథ చెప్పి ఆసక్తి పుట్టించడం దీని పని కాదు, ఇంకొక గొంతు ఆ పాట పాడేలా చేయడమే పని. బడి వార్షికోత్సవాల్లో, పాటల పోటీల్లో, పెళ్లిచూపుల్లో ఈ పాటలే వినిపించాయి.

దీనికి తోడు 'ఈ మాసపు పాట' నెలకొక కొత్త గీతాన్ని పదే పదే వినిపించి అలవాటు చేసింది. విజయవాడలో వోలేటి వెంకటేశ్వర్లు నడిపిన 'సంగీత శిక్షణ' శాస్త్రీయ సంగీతానికి ఇదే పని చేసింది. పొద్దున్నే వచ్చే 'భక్తిరంజని' కోసం స్వరకర్తలు అన్నమయ్య, రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రుల రచనలకు, తత్వాలకు బాణీలు కట్టారు. శతాబ్దాల నాటి రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు మాత్రమే మిగిలిన అన్నమయ్య కీర్తన అలా శ్రోతకు సరికొత్త పాటగా చేరింది. వివిధ భారతిలోని 'జనరంజని' మరో దారి పట్టింది. సినిమా గాయకులు, నటులు, సంగీత దర్శకులు తమకు నచ్చిన పాటలు వేస్తూ వాటి వెనక సంగతులు చెప్పేవారు. ఇప్పటి అర్థంలో కళాకారుడి ముచ్చట్లు, పాట కలిసిన తెలుగు కార్యక్రమానికి దగ్గరి పూర్వరూపం ఇదే.

ప్రముఖులు

బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018): పాటలు 'శతపత్ర సుందరి' సంపుటిలో ఉన్నాయి. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'కు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. విజయవాడ కేంద్రానికి ఒక ప్రత్యేకమైన ఒరవడి తెచ్చినవారిలో ముఖ్యుడు.

పాలగుమ్మి విశ్వనాథం (1919–2012): వైణికుడు. సొంతంగా రాసి బాణీ కట్టిన 'అమ్మదొంగా' వేదవతీ ప్రభాకర్ గొంతులో తెలుగు ఇళ్లలో జోలపాట స్థాయికి చేరింది. సినిమా సాయం లేకుండా రేడియో పాట ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఇదే తిరుగులేని ఉదాహరణ.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016): విజయవాడ భక్తిరంజనిలో కీర్తనలకు, తత్వాలకు కొత్త ప్రాణం పోశారు. కచేరీ విద్వాంసుడు లలిత గీతం పాడితే స్థాయి తగ్గుతుందన్న అపోహ పోవడానికి కారకుడు.

శ్రీరంగం గోపాలరత్నం (1939–1993): విజయవాడ కేంద్రపు గాయని. కీర్తన, ఎంకి పాట, లలిత గీతం ఏది పాడినా మాట స్పష్టం. 1992లో పద్మశ్రీ అందుకున్నారు.

మహాభాష్యం చిత్తరంజన్ (1938–2023): హైదరాబాదు కేంద్రంలో లలిత సంగీత స్వరకర్త, గురువు. వందలాది మంది గాయకులు ఆయన శిష్యులమని చెప్పుకుంటారు.

గ్రామఫోన్ రికార్డు, రేడియో

లలిత గీతాలన్నీ డిస్కుకు దూరంగా లేవు. 'ప్రైవేటు రికార్డు' అని పిలిచే సినిమాయేతర డిస్కులు 1930ల నుంచే ఉన్నాయి. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి కలిసి పాడిన యుగళగీతాలు, సూర్యకుమారి పాటలు, ఘంటసాల పాడిన కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలు వీటిలో బాగా అమ్ముడయ్యాయి. 78 వేగపు రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త ఎక్కువ పట్టేది. పద్యం గాని పాట గాని ఆ కొలతకు కుదించి రాయించుకోవలసి వచ్చేది. రేడియో పాటకు ఆ ఇబ్బంది తక్కువ.

గ్రామఫోను కొనగల ఇల్లు ఊరికి కొన్నే. రేడియో సెట్టుకూ డబ్బు కావాలి, పైగా 1980ల దాకా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. కాని 1960లలో ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియో కరెంటు లేని ఇంటికీ చేరింది. పాట వినడానికి డిస్కు కొననక్కర లేకపోవడం కూలి మీద బతికే పేటల్లో చిన్న విషయం కాదు.

సోలాపూర్‌కు పాట చేరిన దారి

సోలాపూర్ నుంచి హైదరాబాదు దాదాపు 300 కిలోమీటర్లు. హైదరాబాదు ప్రధాన కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద, అంటే సుమారు 406 మీటర్ల తరంగదైర్ఘ్యం మీద పలుకుతుంది. పగలు మీడియం వేవ్ తరంగాలు నేలను అంటుకుని సాగుతూ దూరం పెరిగేకొద్దీ నీరసిస్తాయి. పొద్దు గూకాక సంగతి మారుతుంది. పగటిపూట ఈ తరంగాలను మింగేసే ఐనోస్ఫియర్ కింది పొర చీకటి పడగానే కరిగిపోతుంది. పై పొరలు తరంగాలను వంచి మళ్లీ నేలకు దింపుతాయి. అందుకే రాత్రి ప్రసారం వందల కిలోమీటర్ల అవతలి ఊరికీ అందుతుంది.

అందడం అంటే నిలకడగా అందడం కాదు. నేల దారిన వచ్చిన తరంగం, ఆకాశం దారిన వచ్చిన తరంగం ఒకదానితో ఒకటి కలహించి గొంతు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తుంది. ట్రాన్సిస్టర్ లోపలి ఫెరైట్ కడ్డీకి దిక్కు పట్టింపు ఉంది. సెట్టును కొద్దిగా తిప్పి పెడితే గొంతు తేటపడుతుంది, పక్క స్టేషన్ వెనక్కి తగ్గుతుంది. దూరప్రాంత శ్రోతలందరికీ ఈ తిప్పుడు చేతిలో పనే. సిలోన్ కార్యక్రమాలు షార్ట్ వేవ్ మీద వచ్చేవి కాబట్టి వాటికి సోలాపూర్ అయినా సికింద్రాబాదు అయినా ఒకటే దూరం.

సోలాపూర్‌కు సొంత ఆకాశవాణి కేంద్రం వచ్చినా దాని ప్రధాన భాష మరాఠీ. తెలుగు పాట కావాలంటే ముల్లు తూర్పు కేంద్రాల వైపు తిప్పవలసి వచ్చేది.

మగ్గం, బీడీ, రేడియో

నేతపనిలో పాట వినే వీలు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చేమగ్గం దగ్గర నాడె అటూ ఇటూ పోయే చప్పుడుకు ఒక లయ ఉంటుంది, దాని మధ్య పాట పాడవచ్చు, వినవచ్చు. మరమగ్గం అలా కాదు. వరసగా మగ్గాలు ఆడే షెడ్డులో పక్క మనిషితో మాట్లాడాలన్నా చెవిలో అరవాలి. చేతి సైగలే భాష. జకార్డు అట్టలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ చద్దరు మీద పువ్వు, నెమలి, గడి ఏదో తేలుస్తుంటే, పడుగు పోగు తెగిందా, కండె అయిపోయిందా అన్నదే కార్మికుడి ధ్యాస. అక్కడ రేడియోకు చోటు కరెంటు పోయినప్పుడు, షిఫ్టు మారినప్పుడు, సెలవు రోజున మాత్రమే.

బీడీ పని ఇందుకు విరుద్ధం. నానబెట్టిన తునికాకును అచ్చు పెట్టి కత్తెరతో కోసి, చిటికెడు పొగాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. చేతికి తీరిక ఉండదు, చెవికి ఉంటుంది. గడప దగ్గర చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లకు రేడియో సరిగ్గా సరిపోయే తోడు. పాటను కాగితం మీద రాసుకునే వీలు లేనివారు విని విని పట్టేస్తారు. బతుకమ్మ పాటలు నేర్చుకున్న పద్ధతీ అదే కాబట్టి ఈ చదువు కొత్తది కాదు.

మరాఠీలో బతికే ఊళ్లో పుస్తకపు తెలుగు వినిపించే చోట్లు తక్కువ: బడి, గుడి, భజన, సినిమా, రేడియో. సినిమా పాట హుషారునిస్తే లలిత గీతం మాటల నిధినిచ్చింది. ఇంట్లో మాట్లాడే యాసకూ, పాఠ్యపుస్తకపు భాషకూ మధ్య ఉన్న ఎడం పాట విన్నప్పుడు అంతగా బాధించదు. అర్థం పూర్తిగా తెలియకపోయినా మాట నోట్లో పడుతుంది.

ఇతర దేశాల్లో

బ్రిటన్‌లో బీబీసీ ఎన్ని గంటలు రికార్డులు వేయవచ్చో సంగీతకారుల సంఘంతో, రికార్డు కంపెనీలతో కుదిరిన ఒప్పందం నిర్ణయించేది. మిగిలిన సమయం నింపడానికి బృందాలను స్టూడియోకు పిలిచి పాడించారు. జాన్ పీల్ 1967 నుంచి 2004లో చనిపోయే దాకా నడిపిన కార్యక్రమంలో ఇలాంటి స్టూడియో కచేరీలు 4,000 దాటాయి. వాటిలో కొన్ని తరువాత డిస్కులుగా వచ్చాయి. అమెరికాలో నేషనల్ పబ్లిక్ రేడియో 2008లో మొదలుపెట్టిన 'టైనీ డెస్క్' కచేరీల్లో కళాకారులు ఆఫీసు బల్ల వెనక నిలబడి కొత్త ఆల్బమ్ పాటలు పాడతారు.

అక్కడా ఇక్కడా ఒక పోలిక ఉంది. రికార్డులు వేయడానికి ఒక అడ్డు వచ్చాకే రేడియో సొంత పాటకు తలుపు బార్లా తీసింది. బ్రిటన్‌లో ఆ అడ్డు కార్మిక ఒప్పందం, మన దేశంలో మంత్రి విధానం. తేడా కూడా పెద్దదే. అక్కడ రేడియో కచేరీ ఆల్బమ్ అమ్మకానికి మెట్టు. ఇక్కడ అమ్మడానికి సరుకే లేదు, నేర్చుకోవడానికి పాట మాత్రం ఉంది.

మాచునూరు: పల్లె ఆడవాళ్ల రేడియో

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు రాసిన న్యాయమూర్తి పి.బి. సావంత్ 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియోను ప్రారంభించారు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల ఈ కేంద్రాన్ని నడిపినవారు దళిత మహిళలు. చిరుధాన్యాల సాగు, వైద్యం, పండుగలతో పాటు ఊళ్లలో పాడుకునే పాటలను వాళ్లే రికార్డు చేసి వాళ్లే వినిపించారు. ఇక్కడ ఆడిషన్ లేదు, శ్రేణి లేదు. పాట వచ్చినవాళ్లే కళాకారులు, పాడి అయ్యాక ఆ పాట ఎప్పుడు పాడతారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పడమే ముచ్చట.

పుణె నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద సోలాపూర్, జహీరాబాద్, హైదరాబాదు, విజయవాడ వరసగా వస్తాయి. ఆకాశవాణి నడిపిన లలిత గీతం, మాచునూరు నడిపిన ఊరి పాట, సోలాపూర్ పేట ఒకే దారి మీద ఉన్నాయి. కాని సంఘం రేడియో వంటి సమాజ (కమ్యూనిటీ) రేడియో తక్కువ శక్తితో పలుకుతుంది, కొద్ది కిలోమీటర్లే వినిపిస్తుంది. సోలాపూర్ బీడీ, నేత బస్తీల్లో వాళ్ల సొంత ఊరి పాట వినిపించాలంటే అటువంటి కేంద్రం అక్కడే పుట్టాలి.

ఎఫ్.ఎం. కాలం

1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది, 1980లలో క్యాసెట్ వచ్చింది. భక్తి పాట, జానపదం క్యాసెట్ దారి పట్టాయి. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన 'పాడుతా తీయగా' పాట దిద్దే పనిని తెర మీదికి తెచ్చింది. అయితే అక్కడ నేర్చుకునేది ఎక్కువగా సినిమా పాట. 2006 నుంచి హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు వరసగా వచ్చాయి. సంగీత దర్శకుడు కొత్త సినిమా పాటలతో స్టూడియోకు వచ్చి, ఆర్.జె.తో కబుర్లు చెప్పి, రెండు ముక్కలు పాడి వెళ్లడం ఇప్పుడు ప్రచారంలో భాగం. కవి పేరు ముందు చెప్పే పద్ధతి మాయమైంది. కవి పేరే చెప్పని సందర్భాలు మెండు. సినిమాయేతర కొత్త పాట ఇప్పుడు ఎక్కువగా యూట్యూబులో పుడుతోంది. తెలంగాణ జానపద వీడియో పాటల్లో కొన్ని కోట్ల వీక్షణలు దాటాయి.

ఆకాశవాణి ప్రసారాలు నేడు ఫోను యాప్‌లో కూడా వస్తాయి. సోలాపూర్‌లో హైదరాబాదు వినడానికి ఇక చీకటి పడే దాకా ఆగనక్కర లేదు.

భద్రపరచడం, అంచనా

రేడియో పాటకు పెద్ద నష్టం మరుపు వల్ల రాలేదు, టేపు వల్ల వచ్చింది. అయస్కాంత టేపు ఖరీదైనది కావడంతో ప్రసారమైన పాట చెరిపి దాని మీద కొత్తది రికార్డు చేయడం కేంద్రాల్లో మామూలు. ఎన్నో తొలి ప్రసారాలు అలా పోయాయి. మిగిలిన వాటిలో కొన్ని ఆకాశవాణి భాండాగారం ద్వారా డిజిటల్ రూపానికి మారాయి, కొన్ని శ్రోతలు ఇంట్లో క్యాసెట్లలో పట్టుకున్న రికార్డింగుల వల్ల బతికాయి. పాటలు చేరిన దూరప్రాంత తెలుగు ఇళ్లలోని నోటుపుస్తకాలు, క్యాసెట్లు కూడా ఈ చరిత్రకు ఆధారాలే. సోలాపూర్, భివండీ, సూరత్ వంటి నేత నగరాల్లో వాటిని వెతికి నకలు తీయించే పని విశ్వవిద్యాలయాలు, తెలుగు సంఘాలు ఇప్పుడే చేపట్టాలి. పాడినవారు, విన్నవారు ఇద్దరూ వయసు మీరినవారే.

1950ల నుంచి 1980ల దాకా సినిమాకు బయట తెలుగులో కొత్త పాటకు రాయించేవారు, పాడించేవారు, నేర్పేవారు ప్రధానంగా ఒక్కరే: ఆకాశవాణి. ఆ పాత్రను తరువాత వచ్చిన ఏ మాధ్యమమూ పూర్తిగా తీసుకోలేదు.